ఆమె వైపు కొత్త దూది

పరుపులాయన వేడినీళ్ళ సంచి నింపుతున్నాడు. నీళ్ళు మరీ కళపెళ కాగకూడదు, అలాగని గోరువెచ్చగానూ ఉండకూడదు. గిన్నె అంచున సన్న బుడగలు లేవగానే దింపెయ్యాలి. సంచిలో సగానికి పైన కాస్త పోసి, దాన్ని గుండెకి ఆనించి నొక్కి, లోపలి గాలి బయటికి పంపాకే మూత బిగించాలి. గాలి మిగిలితే సంచి బుడ్డలా నిక్కుతుంది, వేడి ఒంటికి అంటదు. ఇదంతా ఆయనకి ఎవరూ చెప్పలేదు. పరుపులు కుట్టేవాడికి దేనిలో ఎంత గాలి ఉండాలో చేతికే తెలుస్తుంది.

సంచికి తువ్వాలు చుట్టి పడకగదిలోకి వెళ్ళాడు. మంచం మీద గోడ వైపు ఆయనది, కిటికీ వైపు భార్యది. ఆమెకి నడుము నొప్పి పట్టుకున్నప్పటి నుంచి ఇంట్లో తెల్లవారడమంటే ఇదే. ముందు సంచి నడుము కింద పెట్టడం, కాసేపాగి ఒక చెయ్యి ఆమె రెక్క కిందికి పోనిచ్చి, రెండో చెయ్యి ఆమెకి అందించి, "ఊఁ, లే" అని లాగడం. ఆమె ఆయన మెడ పట్టుకుని సగం దూరం "అబ్బా" అంటుంది, పూర్తిగా లేచాక "హమ్మయ్య" అంటుంది. ఆ హమ్మయ్య వినకుండా ఆయన ఏ రోజూ కొట్టు తలుపులు తెరవలేదు.

ఈరోజు ఆయన వెళ్ళేసరికి ఆమె అప్పటికే పక్కకి తిరిగి ఉంది.

"ఆగండి," అంది. "నన్నే లేవనివ్వండి."

మోకాళ్ళు దగ్గరికి తీసుకుంది. కాళ్ళు మంచం అంచు దాటించి కిందికి జార్చింది. మోచెయ్యి పరుపుకి ఆనించి నెమ్మదిగా తోసింది. కూర్చుంది. అబ్బా లేదు, హమ్మయ్య లేదు.

"చూశారా. నడుముతో లేవకూడదట. కాళ్ళ బరువు కిందికి లాగుతుంటే చెయ్యి పైకి తొయ్యాలట. అంతే. డాక్టరుగారు చూపించారు."

"బాగుంది," అన్నాడాయన. సంచి ఇంకా చేతిలోనే ఉంది. "మరి ఇది?"

"అక్కడ పెట్టండి. కావాలంటే తీసుకుంటా."

కావాలనిపించలేదు కాబోలు, ఆమె తీసుకోలేదు. మధ్యాహ్నం ఆయన ఆ చల్లారిన నీళ్ళు వంపేస్తూ, ఎవరికీ అక్కర్లేని నీళ్ళు అంత జాగ్రత్తగా కాచినందుకు తన మీద తను కోపం తెచ్చుకోబోయాడు. ఆ కోపం తన మీద నిలవలేదు. గిరగిరా తిరిగి పోయి డాక్టరమ్మ మీద వాలింది.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది బావమరిది. వ్యాను తోలి తోలి అతనికీ ఒకప్పుడు నడుము పట్టేసింది. కిందపడిన తాళంచెవి తియ్యలేక రోడ్డు మీద అలాగే వంగి నిలబడిపోతే, పోయేవాళ్ళు ఏదో వెతుకుతున్నాడనుకుని వాళ్ళూ వెతకడం మొదలుపెట్టారట. అతనే చెప్పుకుని నవ్వుతాడు. వీధి చివర మేడ మీద కొత్తగా వచ్చిన ఆ డాక్టరమ్మ బోర్డు మీద 'కైరోప్రాక్టర్' అని ఉంటుంది. ఆ మాట నోరు తిరగక అందరూ వెన్ను డాక్టరమ్మ అంటారు. మందులు రాయదు, సూదులు వెయ్యదు. ఎక్స్‌రే చూసి, నడిపించి, వంగమని, తిరగమని, ఆ తర్వాత చేతులతో నొక్కి కీళ్ళని సర్దుతుంది. ఇంటి దగ్గర రోజూ చెయ్యమని చిన్న చిన్న కసరత్తులు నేర్పుతుంది.

"వెళ్ళనివ్వు, నాకేం," అన్నాడు పరుపులాయన అప్పట్లో. నిజానికి ఆయనకి ధీమా. తైలాలు వచ్చాయి, పోయాయి. నడుముకి కట్టుకునే పట్టీ వచ్చింది, పోయింది. అన్నీ పోగా చివరికి మిగిలింది ఆయన చెయ్యే. ఇదీ పోతుందనుకున్నాడు.

ఇది పోలేదు. నెమ్మదిగా వచ్చి ఇంట్లో కూర్చుంది.

అసలు కష్టమేమిటంటే ఆ డాక్టరు ఆడమనిషి. మగవాడైతే ఈయన పని సులువయ్యేది. మూతి ముడుచుకున్నా, తలుపు కొంచెం గట్టిగా వేసినా, చూసేవాళ్ళకి సంగతి తెలిసేది. పెళ్ళాం మీద అనుమానం అనుకుని నలుగురూ నవ్వుకుని వదిలేసేవాళ్ళు. ఆడ డాక్టరుని చూసి కడుపు మండే మొగుడికి లోకంలో ఒక పేరంటూ లేదు. పేరులేని మంట కనక దాన్ని ఎవరితోనూ చెప్పుకోలేడు. చెప్పుకోలేడు కనక అది చల్లారదు.

చికిత్స కంటే ఆయన్ని ఎక్కువ కాల్చింది డాక్టరమ్మ మాటలు. వెళ్ళినప్పుడల్లా భార్య ఒక మాట పట్టుకొచ్చేది. కొట్టులో కుట్టుమిషను ముందు కూర్చుని గలేబులు కుడుతూ, దారం తెంపుతూ, ఆ మాట వదిలేది. గలేబులు కుట్టడం ఆమె పని, లోపల దూది నింపడం ఆయన పని. పెళ్ళైన కొత్తల్లో పంచుకున్న పంపకం అది.

"వెన్ను శత్రువు కాదమ్మా, అలిగిన చుట్టం అన్నారండీ. లాగితే రాదట. రోజూ పలకరించాలట."

"మీవైపు చుట్టాల్ని ఎంత పలకరించినా దిగొచ్చిన పాపాన పోలేదు," అన్నాడు ఆయన, దూది ఏకే యంత్రం వెనక నుంచి.

ఆమె నవ్వింది. అయితే ఆ నవ్వు తన మాటకి కాదనీ, డాక్టరమ్మ మాట మళ్ళీ గుర్తొచ్చి నవ్విందనీ ఆయనకి గట్టి నమ్మకం.

ఇంకో రోజు, "పోటీ నిన్నటి నీతోనే, పక్కింటావిడతో కాదు అన్నారు." మరో రోజు, "బాగాలేని రోజు ఎవరైనా చేస్తారు, బాగున్న రోజు మానకుండా చెయ్యడమే గొప్ప అన్నారు." వంగి దారపుండ తియ్యబోయి, ఆగి, మోకాళ్ళు మడిచి కూర్చుని తీస్తూ, "నడుముని కాదు, మోకాళ్ళని అడగాలి," అని తనలో తను అనుకునేది. ఇల్లంతా దూది పీచు ఎగిరినట్టు ఆ మాటలు ఎగిరి, తుడిచినా పోకుండా ఎక్కడో ఓచోట అంటుకునేవి.

నేనూ అనగలను, అనుకున్నాడాయన. ఒక సాయంత్రం ఆమె వంటగది నుంచి టీ తెస్తుంటే గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఈమధ్య చాలా... బాగా నడుస్తున్నావు."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. "ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?"

ఆయన మళ్ళీ ఆ ప్రయత్నం చెయ్యలేదు.

ఆ వారంలోనే ఆమె పక్క మార్చింది. కొట్టుగా వాడే ముందుగదిలో కుట్టిన పరుపులు దొంతర పెట్టే చెక్క బల్ల ఒకటుంది. దాని మీదవన్నీ గోడవారకి జరిపించి, దుప్పటి మడత పెట్టి పరిచింది.

"కొన్నాళ్ళు ఇక్కడ పడుకుంటానండీ."

"చెక్క మీదా?"

"చూద్దామని. డాక్టరుగారు చూడమన్నారు."

పొద్దున్నే పరుపు కోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆ బల్లనీ, దుప్పటినీ, తలగడనీ, జుట్టు ముడి వేసుకుంటూ లేస్తున్న ఆమెనీ చూశాడు. "ఏమయ్యా, ఇంట్లోవాళ్ళని చెక్క మీద పడుకోబెట్టి మాకు పరుపులమ్ముతున్నావా?" అని పెద్దగా నవ్వాడు. పరుపులాయన కూడా నవ్వాడు. ఆ నవ్వుకి దవడలు నొప్పెట్టాయి.

ఎందుకంటే ఆ ఇంటి పరుపు మామూలు పరుపు కాదు. చలి మొదలవకముందు ఏటా కొత్త దూది బేళ్ళు దిగుతాయి. మొదటి బేలు విప్పగానే అందులో అన్నిటికన్నా మెత్తటి దూది ఆయన బేరానికి పెట్టడు. ఒడి నిండా తీసుకుని, మామూలుగా ఒకసారి ఏకేదాన్ని రెండుసార్లు ఏకి, ఇంటి పరుపు అంచు విప్పి, కిటికీ వైపు సగంలో మాత్రం పరిచి కుట్టేస్తాడు. తన వైపు పిడికెడు కూడా వేసుకోడు. పెళ్ళైన ఏడాది మొదలైన ముచ్చట అది. ఏ ఏడూ తప్పలేదు. ఆమెకి నొప్పి మొదలయ్యాక దూది ఇంకాస్త ఎక్కువే వేశాడు. కుట్టేశాక ఆమెని పడుకోమని, పక్కనే నిలబడి, "మెత్తగా ఉందా?" అని అడిగేవాడు. "ఉంది," అనేది ఆమె.

అలాంటి చోటు ఖాళీగా ఉంది. రాత్రి చెయ్యి జాపితే కిటికీ దాకా ఎవరూ తగలడం లేదు.

"నన్నూ తీసుకెళ్ళు," అన్నాడు మర్నాడు. "నీ డాక్టరుగారిని చూడాలి."

"తీసుకురమ్మని ఆవిడే అంటున్నారు," అంది ఆమె. ఆ మాట ఆయనకి అస్సలు నచ్చలేదు.

మేడ మీద గది శుభ్రంగా ఉంది. గోడకి వెన్నెముక బొమ్మ, మూల ఒక నిలువుటద్దం, మధ్యలో ముఖం పెట్టుకోవడానికి కన్నం ఉన్న ఎత్తైన బల్ల. ఆయన చెయ్యి అలవాటుగా ముందు బల్ల మీద పరిచిన మెత్త మీదికి పోయింది. నొక్కి చూశాడు. పలచగా, గట్టిగా ఉంది. నేనైతే దీన్ని ఇంటికి పంపను, అనుకున్నాడు.

డాక్టరమ్మ పొట్టిగా ఉంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఆయన ఆ చేతులే చూశాడు. చిన్న చేతులు. తన అరచేతిలో ఆ రెండూ కలిపి పట్టెయ్యొచ్చు. ఈ చేతులా?

భార్య బల్ల మీద బోర్లా పడుకుంది. డాక్టరమ్మ వేళ్ళు వెన్ను పొడుగునా నెమ్మదిగా దిగాయి, ఒకచోట ఆగాయి. "ఊపిరి పీల్చండి. వదలండి." ఆమె వదిలేటప్పుడు చేతులు ఒక్కసారి కిందికి దిగాయి. టక్కుమని చప్పుడయింది. పరుపులాయన కుర్చీలోంచి సగం లేచాడు.

ఆమె కన్నంలోంచే కిలకిలా నవ్వింది. "భయపడకండి. వేళ్ళు విరుచుకుంటే చప్పుడవదూ, అలాంటిదే."

ఆ నవ్వు ఆయన విని చాలా కాలమైంది. అది పోయిందనుకున్నాడు. పోలేదు, చిరునామా మార్చిందంతే.

డాక్టరమ్మ ఆమెని అద్దం ముందు నిలబెట్టి, భుజాలు సర్ది, "మొదటి రోజు ఈ అద్దంలోకి చూడ్డానికే ఇష్టపడలేదు మీరు. ఇవాళ చూడండి ఎలా నిలబడ్డారో. ఇది నా చేతుల్లో ఏమీ లేదు, ఇంట్లో రోజూ మీరు పడ్డ కష్టం," అంది. ఆమె మొహం విచ్చుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మ ఈయన వైపు తిరిగింది.

"మీ గురించి చాలా విన్నానండీ. ఏటా కొత్త దూది తెచ్చి ఆవిడ వైపే వేస్తారటగా."

పరుపులాయన నిటారుగా కూర్చున్నాడు. "అవునండీ. మొదటి బేలులోది. రెండుసార్లు ఏకి."

"ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం మీరు చూడాల్సింది. చెప్పి, ఆ పరుపు మీద తన నడుము గుంటలోకి దిగిపోతోందనీ, పొద్దున లేవలేకపోవడం అందుకేనేమో అనీ కూడా చెప్పారు." డాక్టరమ్మ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నొప్పి పరుపు వల్లే వచ్చిందని నేను అనను. మిషను ముందు వంగి కూర్చోవడం ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. అయినా ఒకసారి మీరే విప్పి చూడండి. మీ చేతికి తెలుస్తుంది."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. భార్య అద్దంలోంచి ఆయన్నే చూస్తోంది.

మెట్లు దిగుతున్నప్పుడు ఆయన ఆమెకి చెయ్యి అందించలేదు. ఆమె గోడ పట్టుకుని దిగింది. వీధిలో సగం దూరం వచ్చాక అడిగాడు.

"గుంట సంగతి నీకు ఎప్పుడు తెలుసు?"

"ఎప్పట్నుంచో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? కొత్త దూది ఒళ్ళో వేసుకుని వస్తుంటే మీ మొహం చూసుకున్నారా ఎప్పుడైనా?"

"నాకు చెప్పనిది ఆవిడకి చెప్పావు."

"ఆవిడ అడిగారండీ."

"నేనడగలేదా? ఏటా అడిగాను."

"మెత్తగా ఉందా అని అడిగారు. మెత్తగానే ఉంది."

ఆ రాత్రీ ఆమె చెక్క బల్ల మీదే పడుకుంది. ఆయనకి దుఃఖం కంటే అసూయే ఎక్కువ వచ్చింది. తప్పు తనదని తెలిసినందుకు కాదు. ఆ తప్పు ముందుగా తెలిసిన మనిషి తను కానందుకు. ఇన్నేళ్ళూ పక్కనే పడుకున్నవాడికి తెలియని గుంట, చిన్న చేతుల మనిషికి మొదటిరోజే తెలిసిపోయింది.

రెండు రోజులు ముక్తసరిగా గడిపాడు. మూడోనాడు పొద్దున, ఎటో చూస్తూ అన్నాడు.

"కొత్త గలేబు ఒకటి కుట్టి పెట్టు. డబుల్ మంచానిది."

"ఎవరికి?"

"ఉందిలే, ఒక బేరం."

ఆమె కొలత అడగలేదు. తనకి తెలిసిన కొలతే అన్నట్టు గుడ్డ పరిచి కత్తిరించింది. మూడు వైపులా మిషను కుట్టు వేసి, దూది నింపడానికి నాలుగో వైపు వదిలి, మడిచి ఆయన బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం తమ్ముడి వ్యాను ఎక్కి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

ఆయన కొట్టు తలుపులు దగ్గరికి వేసి, ఇంటి పరుపు నేల మీద పరిచి, కత్తెరతో అంచు విప్పాడు.

లోపల ఏళ్ళన్నీ పొరలు పొరలుగా ఉన్నాయి. ఆయన వైపు దూది పలచగా, సమంగా పరుచుకుని ఉంది. ఆమె వైపు పైపొర నిజంగానే మబ్బులా ఉంది. చెయ్యి లోపలికి పోనిస్తే కింద ఏముందో తెలిసింది. పాత పొరలు ఒకదాన్నొకటి నొక్కుకుని, భుజాల చోట గట్టి దిబ్బలయ్యాయి. నడుము చోట దూది రెండు పక్కలకీ జరిగిపోయి గుంట పడింది. ప్రతి ఏడూ పైన వేసిన కొత్త దూది ఆ గుంటని కప్పిందే కాని నింపలేదు. మోచెయ్యి దాకా దింపితే అడుగున పాత దూది అట్టలా తగిలింది. ఒక పొర పసుపు పచ్చగా ఉంది. అది వానలకి బేళ్ళు తడిసిన ఏడాదిది. ఆ ఏడు మంచి దూది దొరక్క ఎంత తిరిగాడో ఆయనకి గుర్తొచ్చింది. ఇంత తిరిగి తెచ్చింది ఆమెని గుంటలోకి దించడానికా?

అంతా బయటికి లాగాడు. యంత్రంలో వేసి, గడ్డలు విడిపోయేదాకా ఏకాడు. కొత్త గలేబు పరిచి, రెండు వైపులా ఒకే మందాన, పలచగా, చదునుగా పరుస్తూ వచ్చాడు. పిడికిలితో నొక్కుతూ, తక్కువైనచోట వేస్తూ, ఎక్కువైనచోట తీస్తూ పోయాడు. పని చేతికి పట్టాక మనసు తన దారిన తను పోయింది. ఈ పరుపు మీద ఆమె బాగా పడుకుంటుంది. తనంతట తనే లేస్తుంది. వేడినీళ్ళ సంచి మేకుకి వేలాడుతూ ఎండిపోతుంది. పేరు మాత్రం డాక్టరమ్మకి పోతుంది. డాక్టరుగారు చెప్పారు, డాక్టరుగారు చూపించారు, డాక్టరుగారు మంచిమాట అన్నారు.

చెయ్యి ఆగింది. కిటికీ వైపు, నడుము చోట, పరిచిన దూదిలోంచి ఒక దోసెడు తీసేసి పక్కన పెట్టాడు. ఒక్క దోసెడే. పైన సమంగా సర్దాడు. చూస్తే తెలియదు. నొక్కితే తెలియదు. పడుకోగా పడుకోగా కొన్నాళ్ళకి అక్కడ కాస్త లోతు తేలుతుంది. మరీ ఎక్కువ కాదు, పొద్దున లేచేటప్పుడు ఒక చెయ్యి ఆసరా కావాల్సినంత. అంతకంటే ఆయన ఏమీ కోరలేదు.

దబ్బనంలో పురికొస ఎక్కించి, తెరిచిన అంచు కుట్టేశాడు. ముడి వేసి తెంపాడు. అప్పుడు తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు.

"ఏం బావా, తలుపులు వేసుకుని కొట్టులో దొంగసరుకు దాస్తున్నావా?"

పరుపులాయన తీసేసిన దోసెడు దూదిని కాలితో బల్ల కిందికి తోశాడు. "మీ అక్కేది?"

"నడిచొస్తుందట. వ్యానెక్కమంటే ఎక్కదు. మేడ మెట్లు దిగేటప్పుడు చెయ్యిస్తే ఏమందో తెలుసా? 'పక్కకి తప్పుకోరా, దారికడ్డం' అంది. కమ్మీ పట్టుకోలేదు, గోడ పట్టుకోలేదు. డాక్టరుగారు మెట్ల పైన నిలబడి చప్పట్లు కొట్టారు."

"ఆవిడకేం పనిలేదా?"

"నీకెందుకంత మంట బావా? ఆవిడేమన్నా నీ బేరాలు లాక్కుపోయిందా?"

"నాకేం మంట."

"మొహం చూసుకో ఓసారి. పొగ వస్తోంది." అతను కొత్త పరుపుని చూసి ఈల వేసినట్టు మూతి సున్నాలా చుట్టాడు. "బాగుంది. మీదేనా? అక్కకా? మంచి పని చేశావు బావా, బంగారంలాంటి పని," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాట ముల్లులా దిగింది. పరుపుని చుట్టి, లోపలికి మోసుకెళ్ళి మంచం మీద పరిచాడు. ఎలా ఉందో చూద్దామని పడుకున్నాడు. అలవాటుగా గోడ వైపు పడుకోబోయి, ఆగి, కిటికీ వైపుకి వచ్చి పడుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ వైపు పడుకోవడం అదే మొదలు.

అక్కడి నుంచి గది వేరేగా ఉంది. కిటికీ మరీ పక్కనే ఉండి తల వెనక్కి పోయింది. వీధి కనపడదు, ఆకాశం కనపడదు. ఎదురుగా కనపడేదల్లా తలుపు. ఎవరైనా వస్తారా అని చూడ్డానికి తప్ప ఆ చోటు ఇంక దేనికీ పనికిరాదు. రోజూ తను సంచి పట్టుకుని నిలబడేది ఆ తలుపులోనే. ఇన్నాళ్ళూ ఆమె కళ్ళు తెరిచి పడుకుని, ఈ మనిషి ఎప్పుడొస్తాడా, ఎప్పుడు లేపుతాడా అని చూసిన చూపు ఇదన్నమాట. ఆయన తలుపు వైపు చాలాసేపు చూశాడు. ఎవరూ రాలేదు. లేవబోతే, మధ్యాహ్నమంతా వంగి పని చేసిన నడుము కలుక్కుమంది. తనకి తెలియకుండానే చెయ్యి గాల్లోకి చాచాడు. దాన్ని అందుకునేవాళ్ళు లేరు.

అలాగే కాసేపు ఉండి, పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి జార్చి, మోచేత్తో తోసి లేచాడు. ఆ పద్ధతి ఎవరు నేర్పారో గుర్తొచ్చి ఒళ్ళు మళ్ళీ మండింది. మండుతూనే వెళ్ళి కత్తెర తెచ్చాడు.

అంచు కుట్టు విప్పాడు. బల్ల కింది దోసెడు దూది ఏరి, అంటుకున్న దుమ్ము దులిపి, దాన్ని మళ్ళీ ఏకి, తీసినచోటే పెట్టి, పిడికిలితో చదును చేశాడు. ఇంకా కావాలా అని ఇంకోసారి నొక్కాడు. చాలు. మళ్ళీ కుట్టాడు. తొందరలో కొత్త కుట్టు పాత కన్నాల్లోంచి పోలేదు, పక్కనుంచి పోయింది. కొత్త గుడ్డ మీద పాత కన్నాల వరస సన్నగా కనిపిస్తూనే ఉంది. వేలితో రుద్దాడు. పోలేదు. దుప్పటి కప్పేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. అలా అనుకోగానే పాత సంగతి ఒకటి మనసులో మెదిలింది. ఎవరో పరుపు వెనక్కి తెచ్చి, లోపల పాత దూది పెట్టి మోసం చేశారని గొడవపడితే, ఆమె బొటనవేలితో అంచు తడిమి, "ఇది ఒకసారి విప్పి మళ్ళీ కుట్టింది. పాత కన్నాలు పక్కనే ఉన్నాయి చూడండి. విప్పింది మీరే," అని తేల్చేసింది. వచ్చినవాడు చప్పుడు చెయ్యకుండా పరుపెత్తుకుని పోయాడు.

ఆయన దుప్పటిని నాలుగు వైపులా గట్టిగా లోపలికి దోపాడు.

ఆమె వచ్చింది. చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగి, పడకగది గుమ్మంలో నిలబడి మంచం వైపు చూసింది. వెళ్ళి కిటికీ వైపు కూర్చుంది. పక్కకి ఒరిగింది, వెల్లకిలా తిరిగింది. కళ్ళు మూసుకుంది.

"మెత్తగా లేదు," అన్నాడాయన గుమ్మంలోంచి.

"లేదు."

"మరి ఎలా ఉంది?"

ఆమె కళ్ళు తెరిచింది. ఆ ప్రశ్న ఆయన నోట విన్నట్టు గుర్తులేదు కాబోలు, కాసేపు ఆయన్నే చూసింది. "సమంగా ఉంది. భుజాలూ, నడుమూ ఒకే చోట ఉన్నట్టున్నాయి." ఆగి, మామూలుగానే అంది. "డాక్టరుగారు ఇలాగే ఉండాలన్నారు."

ఆయన దవడ బిగించుకుని వంటగదిలోకి పోయి, అక్కర్లేకపోయినా గిన్నెలు సర్దాడు. ఆ రాత్రి ముందుగదిలో బల్ల మీద పక్క లేదు. దాని మీదికి మళ్ళీ పరుపుల దొంతర చేరింది.

తెల్లవారుతుండగా ఆయనకి మెలకువ వచ్చింది. వేడినీళ్ళు పెట్టాలని లేవబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి, గోడ వైపు తన చోటులోనే కళ్ళు సగం మూసుకుని పడుకున్నాడు. పక్కన ఆమె కదిలింది. మోకాళ్ళు దగ్గరికి తీసుకుంది. కాళ్ళు కిందికి జారాయి. మోచెయ్యి పరుపుని తోసింది. ఆయన చెయ్యి ఒకటి వద్దన్నా వినకుండా దుప్పటి మీద ఆమె వైపు జరిగి, సగం దారిలో ఆగింది. ఆమె అప్పటికే లేచి నిలబడింది. అబ్బా అనలేదు. నిటారుగా ఉంది. ఆ నడుము అలా నిలబడటం చూసి సంతోషించాలో, అందులో తన చెయ్యి లేనందుకు ఏడవాలో తెలియక ఆయన నిద్ర నటిస్తూ ఉండిపోయాడు.

ఆమె నడకకి వెళ్ళడానికి తయారైంది. మోకాళ్ళు మడిచి కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంది. లేచి, మంచం మీద నలిగిన దుప్పటి సర్దబోయింది. గట్టిగా దోపిన మూల చేతికి ఊడి వచ్చింది. గలేబు అంచు బయటపడింది.

ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. బొటనవేలు కుట్టు వెంట ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా నడిచింది. వెనక్కి వచ్చి, పక్కనున్న ఖాళీ కన్నాల వరస మీద మళ్ళీ నడిచింది. తర్వాత పిడికిలి బిగించి, నడుము చోట ఒకసారి నొక్కి చూసింది. కాస్త ఆగి, ఇంకోసారి నొక్కింది.

ఆయన రెప్పల సందులోంచి చూస్తున్నాడు. ఆమె తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది. ఆయన నిద్ర నటించడం మరిచిపోయాడు.

ఆమె దుప్పటి మూలని తీసుకుని, ఆ అంచు మీదికి లాగి, మళ్ళీ లోపలికి దోపింది, ఆయన దోపినంత గట్టిగా. మధ్యలో ఆగిపోయిన ఆయన చేతిని దాటుకుని వెళ్ళి, తలుపు గడియ తీసి, వీధిలోకి నడిచింది.